వాడిన మట్టి బండి

కొండప్రాంత ఆరోగ్య సేవల కార్యాలయంలో ఇరవయ్యెనిమిదేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నాను. ఇన్నేళ్ళలో మా ఆఫీసు ఒక్క తప్పు కూడా చేయలేదు. చేసినవన్నీ నిర్ణయాలే. మట్టి బండి విషయంలో బయట జనం ఏవేవో అనుకుని నవ్వుకుంటున్నారని తెలిసింది. ఆ ఫైలుని మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నా చేత్తో కుట్టాను కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత నాకే ఉంది.

మొదటి కాగితం సీదరి పుణ్యవతి పెట్టుకున్న అర్జీ. ఈమె మా ఆరోగ్య కార్యకర్త. గుమ్మలబంద అనే కొండ ఊరు ఈమె చూసుకోవాలి. తారు రోడ్డు మెట్టపాలెంలో ఆగిపోతుంది. అక్కణ్ణించి ఇరవైరెండు కిలోమీటర్లు రాళ్ళ బాట, మధ్యలో రెండు గెడ్డలు. వాగుని మావైపు గెడ్డ అంటారు. పిల్లల టీకాలు ఐసు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళాలి. ఆ ఐసు ఒక్క పగలు నిలుస్తుంది. నడిచి వెళితే మర్నాటికి గాని చేరరు. ఆఫీసు మోటారు సైకిలు మీద వెళితే మొదటి మలుపులోనే సైలెన్సరు రాయికి తగిలి ఊడి చేతికొస్తుంది. కిందటేడు అలాగే ఊడింది. ఆ వానాకాలం గుమ్మలబందలో తట్టు వచ్చి ఇద్దరు పిల్లలు పోయారు. ఈ ఏడు వానలు పడి గెడ్డలు పొంగేలోగా అక్కడ పధ్నాలుగు మంది పిల్లలకి టీకాలు వేసి తీరాలని, దానికి తనకో 'యూజ్డ్ డర్ట్ బైక్' కావాలని పుణ్యవతి రాసింది. రాళ్ళలో, బురదలో పోయే రకం మోటారు సైకిలట. కొత్తది అక్కర్లేదట, మంచిది చూసి పాతది కొంటే చాలట.

ఎలా చూసి కొనాలో కూడా రాసింది. 'తిరిగిన కిలోమీటర్లు కాదు, ఇంజను ఎన్ని గంటలు నడిచిందో అడగాలి. గాలి వడపోసే స్పాంజి బయటికి తీసి చూడాలి. ట్యాంకు కారకూడదు. చైను తిరిగే చక్రం పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే వద్దు. సీటు మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకి ఆనాలి. అన్నిటికన్నా ముందు ఇంజను మీద చెయ్యి వేసి చూడాలి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉందంటే మనం రాకముందే స్టార్టు చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను ఎన్ని కిక్కులకి లేస్తుందో మన కళ్ళముందు చూడాలి.'

ఇంత స్పష్టంగా రాసిన కాగితం మా ఆఫీసుకి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. అందుకే అందరికీ అనుమానం వచ్చింది.

సరిగ్గా ఆ నెలలోనే మాకు అచ్చ తెలుగు ఉత్సాహం పట్టుకుంది. ఫైలులో ఒక్క ఇంగ్లీషు మాట కనిపించినా వెనక్కి పంపమని పైనుంచి ఉత్తర్వు. స్టాప్లరుకి తెలుగు పేరు దొరక్క మూడు వారాలు కాగితాలు విడివిడిగా తిరిగాయి. వింజమూరి అనంతాచార్యులుగారిని భాషాధికారిగా వేశారు. ఆయన పుణ్యవతి అర్జీ అందుకుని, ఎర్ర సిరా పెన్ను మూత తీసి, తులసి దళం అందుకున్నంత శ్రద్ధగా కళ్ళు మూసుకున్నారు.

“యూజ్డు అనగా వాడిన. డర్టు అనగా మట్టి. బైకు అనగా బండి. వాడిన మట్టి బండి. ఎంత హాయిగా ఉందో చూశారా సింహాద్రిగారూ!” అన్నారు నాతో.

హాయిగానే ఉంది. అయితే 'వాడిన' అంటే వాడిపోయిన అనే అర్థం కూడా వస్తుంది కాబట్టి ముందుజాగ్రత్తగా ఉద్యాన శాఖ అభిప్రాయం అడిగాం. రెండు పూటలా నీళ్ళు పోయమని వాళ్ళు జవాబు రాశారు. అది ఫైలులో నాలుగో కాగితం.

తరవాత మట్టి బండి ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షులు మా సంయుక్త సంచాలకులు చెరుకుమిల్లి సదాశివమూర్తిగారు. సభ్యులు అనంతాచార్యులుగారు. కాగితాలు మోసే బాధ్యత నాది. పుణ్యవతి ఆలస్యం కాకూడదని తనే ఒక బండి చూసి పెట్టుకుంది. మెట్టపాలెంలో దాలినాయుడని ఒక మెకానిక్కు ఉన్నాడు. అతని సొంత బండి. ఎత్తుగా, సన్నగా, మేకపోతులా ఉంది. సైలెన్సరు కిందెక్కడా లేదు, నడుం మీంచి పైకి పోయింది. ఆదివారాలు ఇటికల బట్టీ వెనక గోతుల్లో స్నేహితులతో కలిసి అతను దాన్ని గుట్టల మీంచి ఎగిరించేవాడు. దాన్ని మోటోక్రాస్ అంటారట. ఇప్పుడు నడుం నొప్పి పట్టుకుని అమ్మేస్తున్నాడు.

ఆఫీసు ఆవరణలో బండి నిలబెట్టారు. పుణ్యవతి చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంది. కాళ్ళు ఆనాయి. దిగి ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. స్పాంజి తీసి చూసింది. రెండో కిక్కుకి బండి లేచింది.

“ఇదే సార్,” అంది. ఆ అమ్మాయి మొహం చూస్తే, సంతకం పెట్టడమే తరువాయి అని నాకూ అనిపించింది.

సదాశివమూర్తిగారు మెట్లు దిగి వచ్చి, వేలు మడిచి ట్యాంకు మీద కొట్టారు. టంగుమంది.

“ఇది లోహ సంబంధమైనదిగా గోచరిస్తోంది,” అన్నారు.

“ఇనుమే బాబూ. గట్టి సరుకు,” అన్నాడు దాలినాయుడు సంబరంగా.

“ఆమోదించబడినది మట్టి బండి. సమర్పించబడినది ఇనప బండి.”

“మట్టిలో నడిచే బండి అని సార్ దానర్థం,” అంది పుణ్యవతి.

“అట్లయిన మట్టి కుండ అంటే మట్టిలో నడిచే కుండా?”

నాకు నోరూరుకోక, “మట్టి గాజులు గాజుతోనే చేస్తారు కదండీ, మట్టితో కాదుగా,” అన్నాను.

ఆయన నావైపు తిరిగి ఒక నిమిషం ఆలోచించారు. “అది గాజుల వ్యాపారుల మోసం. వారికి తాఖీదు పంపండి,” అన్నారు. పంపాను. పదకొండో కాగితం.

అనంతాచార్యులుగారికి ఇంకో అభ్యంతరం కలిగింది. “ఈ వాహనమును ఇన్నాళ్ళు దేనికి వినియోగించితివి నాయనా?”

“సరదాకండి.”

“సరదాకా! అంటే దీనికి సరదా అలవాటై ఉంటుంది. ప్రభుత్వ విధిలో ఉండగా సరదా తలెత్తితే బాధ్యులెవరు?”

దాలినాయుడు నావైపు చూశాడు. నేను కాగితాలవైపు చూశాను. ఇనప బండి రెండు కారణాల మీద తిరస్కరించబడింది. బండి నడిపేవారు ప్రయాణంలో సరదా పడలేదని ప్రతిసారీ సంతకం చేయాలని ఒక నమూనా పత్రం కూడా ఆ రోజే తయారైంది.

మట్టి బండి కావాలంటే మట్టి పని తెలిసినవాణ్ణి పిలవాలి. కుమ్మరి వీధి అప్పలకొండని పిలిపించాం. కుండలు చేస్తాడు, చవితికి వినాయకుళ్ళు చేస్తాడు. విషయం విని చాలాసేపు తల గోక్కున్నాడు.

“మట్టితోటి బండేటి బాబూ? ఎలగ నడుస్తాది?”

“నడుచుట నీ పని కాదు. చేయుట నీ పని,” అన్నారు అధ్యక్షులవారు.

“సేత్తానండి. లోపల గడ్డీ కర్రలూ కట్టి పైన మట్టి మెత్తుతాను. ఇనాయకుడి ఎలకలాగే వొచ్చేత్తాది. కానండి, ఇంత పెద్దది నా ఆవంలో పట్టదు. కాల్చలేను. పచ్చిదే తీసుకోవాల.”

ఆవంలో కాల్చడం రెండో దశలో చేపట్టవచ్చునని ఉపసంఘం తీర్మానించింది. పది రోజుల్లో బండి వచ్చింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా ఉంది. అద్దాలు, హ్యాండిలు, చైను చక్రం పళ్ళు కూడా ఒక్కటి కొక్కెం తిరగకుండా దిద్దాడు. పుణ్యవతి అర్జీలో రాసిన పరీక్షలన్నీ వరసగా పెట్టాం. ట్యాంకులో నీళ్ళు పోస్తే ఒక్క చుక్క కారలేదు. అంతా పీల్చేసుకుంది. ఇంజను మీద సదాశివమూర్తిగారు చెయ్యి వేసి, ఎండలోంచి వచ్చినవారు కాబట్టి, అలాగే కాసేపు ఉంచేశారు.

“ఆహా. ఇంత చల్లటి ఇంజను నా సర్వీసులో చూడలేదు.”

“కిక్కు కొట్టి చూడండి సార్,” అంది పుణ్యవతి.

“విరుగుతుంది,” అన్నాను నేను. అది ఒక లోపంగా ఎవరూ రాసుకోలేదు, అర్జీలో విరగకూడదని లేదు కాబట్టి.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. మంజూరైంది వాడిన బండి. ఇది కొత్తది. కొత్తది తీసుకుంటే తనిఖీ వాళ్ళు ఊరుకోరు. పైగా ఇంజను ఎన్ని గంటలు నడిచిందో రాయాలి. దాన్ని ముందు వాడాలి, వాడితే గాని వాడినది కాదు. నలభై గంటల వాడకం సరిపోతుందని తేల్చి, ఆఫీసు వరండాలో బండిని నిలబెట్టి, అధికారులందరికీ వంతులు వేశారు. ఒక్కొక్కరూ గంటసేపు దాని మీద కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే అది కుర్చీ వాడకం అవుతుందని ఎవరో అనడంతో, నోటితో ఇంజను శబ్దం చేయాలన్న నిబంధన చేర్చారు.

ఆ వారం మా ఆఫీసుకి వచ్చినవాళ్ళకి వరండాలో సంయుక్త సంచాలకులు కళ్ళజోడు సర్దుకుంటూ “డుర్ర్ర్” అంటూ కనిపించేవారు. అర్జీలు ఇవ్వబోతే, మలుపులో ఉన్నానని చెప్పి, తరవాత రమ్మనేవారు. అనంతాచార్యులుగారు శబ్దాన్ని హల్లులు స్పష్టంగా పలికి చేసేవారు. ఎవరి గంట వాళ్ళకి రాసి, శబ్దం సంతృప్తికరమని పక్కన నేను సంతకం పెట్టేవాణ్ణి.

పుణ్యవతి రోజూ వచ్చేది. వరండా చివర బల్ల మీద కూర్చుని, చేతిలో పిల్లల పేర్ల కాగితం పట్టుకుని, ఒకసారి బండివైపు, ఒకసారి ఆకాశంవైపు చూసేది. పడమటి కొండ మీద మబ్బులు దిగుతున్నాయి.

“ఇంకా ఎన్ని గంటలు సార్?”

“ఇరవైయేడమ్మా.”

“కిందటేడు పోయిన పిల్లల్లో ఒకదానికి నేనే పేరు పెట్టాను సార్,” అని కాగితం మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట నేను 'శబ్దం సంతృప్తికరం' అని రాయలేకపోయాను. మర్నాడు రెండుసార్లు రాశాను.

నలభయ్యో గంట ముగిసిన ఉదయం బండికి నంబరు పలక వేలాడదీశారు. టీకాల పెట్టె మందుల గది దాటాలంటే మంజూరైన వాహనం నంబరు రాసి తీరాలి. ఆ నంబరున్న బండితో పాటే పెట్టె ప్రయాణం చేయాలి. అందుకే ఇన్నాళ్ళూ పుణ్యవతి దాలినాయుడి బండి ఎక్కి పోలేకపోయింది. బండిని గడ్డి పరిచిన లారీలో మెట్టపాలెం చేర్చాం. అక్కణ్ణించి రెండు వెదుళ్ళు కట్టి ఎనిమిది మంది భుజాల మీదికి ఎత్తుకున్నారు. వెనక ఐసు పెట్టెతో పుణ్యవతి. సాంకేతిక సిబ్బందిగా అప్పలకొండ. పర్యవేక్షణకి నేను. ఒక ముసలామె దారిలో ఎదురై మట్టి బండికి దణ్ణం పెట్టి, ఏ దేవుడి వాహనమో అడిగింది. ప్రభుత్వానిదని చెప్పాను.

మొదటి గెడ్డ చేరేసరికి వాన మొదలైంది. చెట్టు కిందికి పోయేలోపే అద్దాలు రెండూ జారిపోయాయి. తరవాత హ్యాండిలు వంగింది. ట్యాంకు మీంచి గడ్డి బయటికొచ్చింది. మోసేవాళ్ళు భుజాలు దించి, వినాయకుణ్ణి నీళ్ళలో కలిపే అలవాటు కొద్దీ “జై” అన్నారు.

“దీని టైమైపోనాది బాబూ,” అన్నాడు అప్పలకొండ. జారిపడ్డ అద్దం ముద్దని ఏరి చేతిలో పట్టుకున్నాడు. ఎంతైనా తన చేత్తో చేసిన బొమ్మ.

గెడ్డ పక్కన చింత చెట్టు కింద దాలినాయుడు తన ఇనప బండి వేసుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ మా వెనకే వస్తున్నాడని అప్పుడు తెలిసింది.

పుణ్యవతి పెట్టె చెవి దగ్గర పెట్టుకుని కదిపింది. లోపల నీళ్ళ చప్పుడు.

“సార్, ఐసు కరుగుతోంది. ఇంకో గంటలో గెడ్డ పొంగిపోతాది. పొంగు తీసేదాకా ఈ మందు నిలవదు. ఈ బండి మీద పోనివ్వండి.”

“నంబరున్న మట్టి బండితో తప్ప పెట్టె కదలకూడదమ్మా,” అన్నాను.

ఆ మాట నా నోటితోనే అన్నాను. అనేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఇరవయ్యెనిమిదేళ్ళూ ఈ ఒక్క వాక్యాన్నే రకరకాలుగా రాస్తూ బతికానా అనిపించింది. కింద మా మట్టి బండి బురదై నా చెప్పుల చుట్టూ పారుతోంది. ఒంగి రెండు చేతులా ఎత్తి, దాలినాయుడి బండి ట్యాంకు మీద ఫట్టున కొట్టాను.

“ఏటి బాబూ అది!” అని కేకేశాడు దాలినాయుడు.

అప్పలకొండకి ముందు అర్థమైంది. నా పక్కకి వచ్చి, “అలక్కాదండి, తడిచెయ్యితో రాయాల,” అని మెత్తడం మొదలుపెట్టాడు. మోసేవాళ్ళు ఎనిమిది మందీ తలో గుప్పెడు అందించారు. క్షణాల్లో బండి ఇనుము కనపడకుండా పోయింది. నంబరు పలక విప్పి ముందర కట్టాను. జేబులోంచి దినచర్య పుస్తకం తీసి, గొడుగు కింద, నా సర్వీసులో మొదటిసారి ఎవరినీ అడక్కుండా రాశాను. 'వర్షమునకు తడిసి బండి రూపు స్వల్పముగా మారినది. మట్టి అదే. నంబరు అదే. ప్రయాణ యోగ్యము.'

పుణ్యవతి ఒక్క మాటా అడగలేదు. పెట్టె వీపుకి కట్టుకుని, రెండో కిక్కుకి బండి లేపి, గెడ్డలోకి దించింది. చక్రాలు సగం మునిగాయి. అవతలి గట్టు మీదికి ఒక్క ఊపున ఎక్కి చెట్లలో మాయమైంది. చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. 'డుర్ర్' అని అసలు ఇంజను అనదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మూడో రోజు మధ్యాహ్నం గెడ్డ పొంగు తీసింది. అప్పలకొండా దాలినాయుడూ నాతోపాటు మెట్టపాలెంలోనే కాచుకుని ఉన్నారు. ఉపసంఘం మొత్తం జీపులో అక్కడికే వచ్చి కూర్చుంది. తనిఖీ. మేం మెత్తిన మట్టి మొదటి గెడ్డలోనే కొట్టుకుపోయి ఉంటుంది. ఇనుము బయటపడితే పుణ్యవతి ఉద్యోగం పోతుంది, తరవాత నాది.

అంతలో బండి వచ్చింది. ముందర దీపం నుంచి వెనక చక్రం దాకా, సీటు కింద, చైను మీద, పుణ్యవతి మోకాళ్ళ దాకా మట్టి. ఎర్రది, నల్లది, పొరలు పొరలుగా మట్టి. గెడ్డ నుంచి ఊరు దాకా పోను, ఇరవైరెండు కిలోమీటర్లు రాను, ఆ దారే దాన్ని మెత్తింది. అప్పలకొండ కూడా అంత బాగా మెత్తలేడు.

సదాశివమూర్తిగారు చుట్టూ ఒకసారి తిరిగారు. వేలు మడిచి ట్యాంకు మీద కొట్టారు. దబ్బుమంది.

“నూటికి నూరు పాళ్ళు మట్టి,” అన్నారు. “మేము ఆది నుంచి చెప్పుచున్నది ఇదే.”

అనంతాచార్యులుగారు నమూనా పత్రం తీశారు. “ప్రయాణమందు సరదా పడలేదని ఇక్కడ సంతకం చేయుము తల్లీ.”

పుణ్యవతి పెన్ను అందుకుని ఆగింది. “దిగేటప్పుడు రెండో మలుపులో కొంచెం ఎగిరించాను సార్. దీని మీద తప్ప ఇంకెక్కడైనా సంతకం పెడతాను.”

ఆ పత్రం ఖాళీగానే ఫైలులో ఉంది. అనంతాచార్యులుగారు ఏదో అనబోతుండగా, అధ్యక్షులవారు అలవాటుగా ఇంజను మీద అరచెయ్యి వేసి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నారు.

“కాలుతోంది! ఇది చల్లగా కదా ఉండాలి! ఎందుకు కాలుతోంది?”

దాలినాయుడు నేలవైపు చూశాడు. పుణ్యవతి నావైపు చూసింది. రెండో దశ సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు.

“ఇప్పుడే ఆవంలోంచి తీశామండి,” అన్నాను.

“అవును బాబూ,” అన్నాడు అప్పలకొండ చేతులు కట్టుకుని. “ఇయ్యాలే కాల్చినాం.”

సదాశివమూర్తిగారు చెయ్యి ఊదుకుంటూ ఫైలు అడిగి, 'కాల్చబడినది. సంతృప్తికరము' అని రాసి సంతకం పెట్టారు. బండి ఇప్పుడు పుణ్యవతి దగ్గరే ఉంది. నెలకోసారి తనిఖీకి తెచ్చేముందు కడగొద్దని మాత్రం చెప్పాను. ఆ సంతకం ఉన్న కాగితం వెనక, ఫైలులో చిట్టచివర, ఇంకో కాగితం కుట్టాను. దాని మీద పధ్నాలుగు మంది పిల్లల పేర్లు, ఒక్కొక్క పేరు పక్కన టీకా వేసిన తేదీ, తల్లుల వేలిముద్రలు ఉన్నాయి. ఫైలు ఇప్పటికి ఏడు బల్లలు తిరిగింది. ఆ కాగితం దాకా ఎవరూ రాలేదు.